ఆఫీసు టెలిఫోను బోర్డు – తాళాలు, తాళపుచెవులు, రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పునిస్తూ, పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు హక్కుగా దక్కేది అని తేల్చి చెప్పింది. అటువంటి రోజున టెలిఫోను బోర్డు గురించి ప్రసంగమేమిటి అని కొందరికి అనిపించవచ్చు. ఇది కార్యదర్శి గారి పట్టుదల. ఆయన చెప్పిన కారణం సబబుగానే తోచింది. మన సభ్యులలో చాలామంది రిటైరైన తర్వాత ఖాళీగా కూర్చోలేదు. ఒకరు ప్రైవేటు కాలేజీ ఆఫీసు చూస్తున్నారు, ఒకరు నర్సింగ్ హోములో మేనేజరు, ఇంకొకరు సత్రం వ్యవహారాలు, మరొకరు అపార్టుమెంటు సంఘం లెక్కలు. ఆ చోట్లన్నింటిలో ఒక మూల టెలిఫోను బోర్డు ఉంటుంది. "మీరు గవర్నమెంటులో చేసినవారు కదండీ, ఇదీ మీరే చూడండి" అని దాన్ని కూడా మనవాళ్ళకే అప్పగిస్తారు. అందుకని నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

నేను ఇంజనీరును కాను. గుమాస్తాను. సర్వీసులో చాలా ఏళ్ళు టెలిఫోను బిల్లులు నా సీటులోనే ఉండేవి. బిల్లు రావడం, రిజిస్టరుతో సరిచూడడం, కంటింజెంట్ బిల్లు పెట్టడం, ఆడిట్ వారు అడిగితే జవాబు చెప్పడం నా పని. తాళం వేయడం యంత్రం పని. ఆ తాళం ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు తీశారు అని రాసిపెట్టడం మన పని. ఈ రెండో పని జరగని చోట యంత్రం ఎంత గొప్పదైనా ప్రయోజనం ఉండదు. ఈ ప్రసంగానికి సారాంశం అడిగితే ఇంతే.

ట్రంకు కాల్ నాటి క్రమశిక్షణ

మన దేశంలో మొట్టమొదటి ఎస్.టి.డి. లైను 1960లో లక్నో, కాన్పూరుల మధ్య వచ్చింది. కాని మన జిల్లా ఆఫీసులలో అటు తర్వాత ఎన్నో ఏళ్ళు ట్రంకు కాల్సే దిక్కు. ఎక్స్ఛేంజికి ఫోను చేసి కాల్ బుక్ చేయడం, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా చెప్పడం, గంటల తరబడి కాచుకుని కూర్చోవడం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. దానిలో ఇబ్బంది ఎంత ఉన్నా ఒక మేలు ఉండేది. ప్రతి కాల్ ఒక మనిషి చేతుల మీదుగా వెళ్ళేది. ఎక్స్ఛేంజి ఆపరేటరు ఒక చీటీ రాసేది, మన ఆఫీసులో ట్రంకు కాల్ రిజిస్టరు రాసేవాళ్ళం. తేదీ, సమయం, ఊరు, నంబరు, ఎవరు మాట్లాడారు, ఆఫీసు పనా, సొంత పనా అని గడులు ఉండేవి. సొంత పని అయితే సదరు అధికారి దగ్గర డబ్బు వసూలు చేసి జమ కట్టేవాళ్ళం.

ఎస్.టి.డి. వచ్చాక మధ్యలో మనిషి పోయాడు. సున్నా తిప్పితే చాలు, దేశమంతా మాట్లాడవచ్చు. మీటరు తిరుగుతూ ఉంటుంది, రెండు నెలలకొకసారి బిల్లు వస్తుంది. అందులో మొత్తం కాల్స్ ఇన్ని అని ఒక అంకె తప్ప ఎవరు ఎక్కడికి మాట్లాడారో ఉండేది కాదు. అప్పుడు ఆఫీసులు చేసిన మొదటి పని డయలుకు తాళం వేయడం. డయలు రంధ్రంలో చిన్న ఇత్తడి తాళం బిగించి, చెవి ఆఫీసరు గారి సొరుగులో పెట్టేవారు. ఆ తాళం ఎంత గట్టిదో తెలిసినవారికి తెలుసు. డయలు తిరిగేటప్పుడు లైను కొన్నిసార్లు తెగి కలుస్తుంది, అంతే. రిసీవరు పెట్టే మీటను వేలితో అదే లెక్కన టకటక కొడితే, తాళం తీయకుండానే నంబరు కలిసేది. మా ఆఫీసులో ఈ విద్య తెలియని అటెండరు లేడు. పై అధికారులకు మాత్రం తాళం ఉందన్న ధైర్యం. ఇప్పటి కంప్యూటరు బోర్డుల దగ్గర కూడా ఇదే ధైర్యం కనిపిస్తుంది.

ఒక బిల్లు, ఒక వాచ్‌మన్

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో, పేరు అనవసరం, 1990ల తొలి రోజులలో జరిగింది. మామూలుగా వచ్చే బిల్లుకు ఎన్నో రెట్లు వచ్చింది. విదేశీ కాల్స్ అన్నారు. మా ఆఫీసుకు విదేశాలతో పనేముంటుంది? రాత్రిపూట ఆఫీసులో ఉండేది వాచ్‌మన్ ఒక్కడే. గది తాళంచెవి అతని దగ్గర. పైగా అతని బావమరిది గల్ఫ్‌లో ఉన్నాడు. ఇంకేం, అందరికీ దొంగ దొరికిపోయాడు. అతని జీతంలో నెలకింత చొప్పున రికవరీ చేయాలని ప్రతిపాదన పెట్టమన్నారు. ఆ వాయిదాలు తీరేసరికి అతని పెద్దపిల్ల పెళ్ళీడుకు వస్తుంది.

ఫైలు నా దగ్గరకు వచ్చింది. రికవరీ ఉత్తర్వుకు ముందు టెలిఫోను వారి నుండి విదేశీ కాల్స్ వివరాల జాబితా తెప్పించడం సబబు అని నోటు పెట్టాను. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చింది కాబట్టి ఆ జాబితా దొరికింది. అన్నీ రాత్రి పదకొండు దాటిన తర్వాత చేసినవే. తేదీలు తీసుకుని హాజరు రిజిస్టరుతో పోల్చి చూస్తే, వాటిలో నాలుగు రోజులు ఆ వాచ్‌మన్ సెలవులో ఉన్నాడు, బదులు మరొకరు కాపలా ఉన్నారు. రెండవది, ఫిర్యాదుల పుస్తకంలో ఆ రోజులలోనే మూడు చోట్ల "రాత్రి ఫోను పలకలేదు, ఉదయానికి బాగైంది" అని రాసి ఉంది. రాసింది మరెవరో కాదు, ఆ వాచ్‌మనే చెప్పి రాయించాడు.

తెలిసినవారు ఈ రెండూ కలిపి చూడగానే చెప్పారు. వీధిలో స్తంభం మీద ఉండే పెట్టెలో మన జత తీగలను విడదీసి, అక్కడ వేరే ఫోను తగిలించి మాట్లాడితే, ఆ సేపు మన ఫోను మూగబోతుంది. పని అయ్యాక తీగలు మళ్ళీ కలిపేస్తారు. పెట్టె తెరిచి చూస్తే మా జత దగ్గర తరచుగా కదిపిన గుర్తులు కనిపించాయి. దొంగ ఎవరో తేలలేదు. కాని "సదరు వాచ్‌మన్ నుండి రికవరీ ప్రతిపాదన విరమించడమైనది" అని మెమో వచ్చింది. అతను ఆ మెమో నకలు ఒకటి ఇప్పించమని అడిగాడు. ఎందుకయ్యా అంటే, "ఇంట్లో చూపించాలండి" అన్నాడు.

ఇది మీకు చెప్పడానికి కారణం ఉంది. టెలిఫోను దొంగతనం ఎక్కడ జరిగినా మొదట అనుమానం పడేది అటెండరు మీద, వాచ్‌మన్ మీద, బోర్డు దగ్గర కూర్చునే అమ్మాయి మీద. దొంగ ఎక్కడో ఉంటాడు. హాజరు రిజిస్టరు, ఫిర్యాదుల పుస్తకం, కాల్స్ జాబితా, ఈ మూడూ లేకపోతే ఆ చిన్న ఉద్యోగి తరఫున మాట్లాడేవారు ఉండరు.

పెద్ద ఇంటి నుండి చిన్న ఇళ్ళకు

టెలిఫోను దొంగతనం ముందు అమెరికాలో ముదిరింది. అక్కడ దూరపు లైన్ల ఎక్స్ఛేంజీలు ఒకదానితో ఒకటి శబ్దాలతో మాట్లాడుకునేవి. 2,600 సైకిళ్ళ ఈల వినిపిస్తే లైను ఖాళీగా ఉందని ఎక్స్ఛేంజి నమ్మేది. ఒక అల్పాహారపు డబ్బాలో పిల్లలకు ఉచితంగా ఇచ్చిన బొమ్మ ఈల సరిగ్గా ఆ స్వరమే పలికేది. కుర్రాళ్ళు దానితోనూ, సొంతంగా చేసుకున్న 'బ్లూ బాక్స్' అనే పెట్టెలతోనూ ఊరికే దేశదేశాలకు ఫోన్లు చేశారు. 1971లో ఎస్క్వైర్ అనే పత్రికలో దీని మీద పెద్ద వ్యాసం వచ్చింది. తర్వాత ఆపిల్ కంప్యూటరు కంపెనీ స్థాపించిన ఇద్దరు యువకులూ ఆ రోజుల్లో ఈ పెట్టెలు చేసి అమ్మినవారే.

1976 నుండి టెలిఫోను కంపెనీ ఆ సంకేతాలను మాటలు వెళ్ళే దారిలో కాకుండా వేరే దారిలో పంపడం మొదలుపెట్టింది. క్రమంగా ఈలలకు తలుపు మూసుకుపోయింది. దొంగలు ఊరుకుంటారా? పెద్ద ఇంటికి తాళం పడేసరికి చిన్న ఇళ్ళ మీద పడ్డారు. చిన్న ఇళ్ళంటే కంపెనీలు, ఆసుపత్రులు, ఆఫీసులు పెట్టుకున్న సొంత టెలిఫోను బోర్డులు. మన దేశంలో 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, స్వదేశీ ఎలక్ట్రానిక్ బోర్డులు తయారయ్యాక, వాటినే మనం ఇ.పి.ఎ.బి.ఎక్స్. అంటూ వచ్చాం. నాలుగు బయటి లైన్లు, నలభై ఎక్స్‌టెన్షన్లు, ఒక ఆపరేటరు. సున్నా నొక్కితే బయటి లైను, తొమ్మిది నొక్కితే ఆపరేటరు.

దొంగ లోపలికి వచ్చే దారులు

ఈ బోర్డులకు ఉన్న దారులు ఏమిటో తెలుసుకుంటే సగం కాపలా అయినట్టే.

మొదటిది, లోపలివారి దుర్వినియోగం. ఇది మనకు తెలిసినదే.

రెండవది, బయటి నుండి వచ్చి మళ్ళీ బయటికి వెళ్ళే సౌకర్యం. క్యాంపులో ఉన్న ఆఫీసరు బోర్డుకు ఫోను చేసి, ఒక రహస్య సంఖ్య నొక్కితే, ఆఫీసు లైను మీద ఎక్కడికైనా మాట్లాడవచ్చు. దీన్ని 'డీసా' అంటారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ సంఖ్య నాలుగు అంకెలైతే, వరసగా ప్రయత్నించే కంప్యూటరుకు అది పెద్ద పని కాదు.

మూడవది, వాయిస్ మెయిల్. ఎక్స్‌టెన్షన్ వారు సీటులో లేకపోతే మాట రికార్డు చేసే పెట్టె. కొన్ని బోర్డులలో ఆ పెట్టెలోకి వెళ్ళినవాడు అక్కడి నుండి బయటి నంబరుకు వెళ్ళే వీలుంటుంది. పెట్టె రహస్య సంఖ్య 1234గానో, ఎక్స్‌టెన్షన్ నంబరుగానో వదిలేస్తే ఇక అడ్డేముంది?

నాలుగవది, కాల్ మళ్ళింపు. ఎక్స్‌టెన్షన్‌కు వచ్చే కాల్‌ను బయటి నంబరుకు మళ్ళించి పెడితే, ఆ ఎక్స్‌టెన్షన్‌కు ఎవరు ఫోను చేసినా రెండో కాల్ ఖర్చు ఆఫీసుదే.

ఐదవది, మాటలతో మోసం. "మేము టెలిఫోను కంపెనీ నుండి, లైను పరీక్ష చేస్తున్నాం, ఫలానా అంకెలు నొక్కి రిసీవరు పెట్టేయండి" అంటారు. కొన్ని బోర్డులలో అలా నొక్కితే అవతలివాడికి మన బయటి లైను దక్కుతుంది. టెలిఫోను వారు లైను పరీక్షకు మన చేత అంకెలు నొక్కించవలసిన అవసరం లేదు. ఈ ఒక్క ముక్క బోర్డు దగ్గర కూర్చునేవారికి చెప్పి ఉంచాలి.

ఆరవది, ఇప్పటిది. నేటి బోర్డులు చాలావరకు ఇంటర్నెట్ మీద నడుస్తున్నాయి. ఎక్స్‌టెన్షన్ అంటే తీగ కాదు, ఒక నంబరు, ఒక పాస్‌వర్డు. 101 అనే ఎక్స్‌టెన్షన్‌కు 101 అనే పాస్‌వర్డు పెడితే, ఎక్కడో కూర్చున్నవాడు తానే మీ 101 అని చెప్పుకుని మాట్లాడతాడు. స్తంభం ఎక్కవలసిన పని కూడా లేదు.

దొంగకు లాభమేమిటి?

ఇంత కష్టపడి ఊరికే ఫోన్లు చేసుకుంటే ఏమొస్తుంది అని మీరు అడగవచ్చు. పాత రోజులలో రాత్రిపూట మాట్లాడించి డబ్బు తీసుకునేవారు. ఇప్పుడు లెక్క వేరు. ఒక దేశం నుండి మరో దేశానికి కాల్ వెళితే, అందుకునే దేశంలోని కంపెనీకి పంపిన కంపెనీ నిమిషానికి ఇంత అని చెల్లించాలి. కొన్ని దేశాల నంబర్లకు ఈ రేటు చాలా ఎక్కువ. అటువంటి నంబర్లను అద్దెకిచ్చి, వచ్చిన డబ్బులో వాటా ఇచ్చే వ్యాపారులున్నారు. దొంగ ఆ నంబర్లు అద్దెకు తీసుకుంటాడు. మన బోర్డులో దూరి, మన లైన్ల మీద తన నంబర్లకు తానే ఫోన్లు చేయిస్తాడు. అవతల మాట్లాడే మనిషి ఉండనక్కరలేదు. నిమిషాలు తిరిగితే చాలు, వాటా అతనికి, బిల్లు మనకు.

2014 మార్చిలో అమెరికాలో జార్జియా రాష్ట్రం నార్‌క్రాస్ అనే ఊళ్ళో ఏడుగురు పనిచేసే ఒక ఆర్కిటెక్టుల ఆఫీసుకు ఇలాగే జరిగింది. ఒక్క శని ఆదివారాలలో గాంబియా, సోమాలియా, మాల్దీవులకు కాల్స్ వెళ్ళాయి. బిల్లు 1,66,000 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు కోటి రూపాయలు. మామూలుగా వాడుకుంటే ఆ ఆఫీసుకు అంత బిల్లు కావడానికి 34 ఏళ్ళు పడుతుందని పత్రికలు రాశాయి.

ప్రభుత్వ ఆఫీసులకూ మినహాయింపు లేదు. 2008 ఆగస్టులో అమెరికా ప్రభుత్వపు విపత్తు సహాయ సంస్థ ఫీమా వారి బోర్డులో దొంగలు పడ్డారు. అది మేరీలాండ్ రాష్ట్రంలోని శిక్షణ కేంద్రంలో ఉంది. వాయిస్ మెయిల్‌ను కొత్త పద్ధతికి మార్చేటప్పుడు కాంట్రాక్టరు ఒక సందు మూయకుండా వదిలేశాడు. శని ఆదివారాలలో 400కు పైగా కాల్స్, 12,000 డాలర్లు. ఆఫ్ఘనిస్తాన్, సౌదీ అరేబియా, యెమెన్, మన భారతదేశం, ఇలా పలు దేశాలకు వెళ్ళాయి. మరుసటి ఏడు, 2009 జూన్‌లో, అక్కడి న్యాయశాఖ ఫిలిప్పీన్స్‌లో ఉంటున్న ముగ్గురి మీద అభియోగాలు మోపింది. 2,500కు పైగా బోర్డులలో దూరారనీ, వాటి మీద నడిచిన కాల్స్ ఒక కోటి 20 లక్షల నిమిషాలు దాటాయనీ, విలువ 5 కోట్ల 50 లక్షల డాలర్ల పైమాటేననీ ఆరోపణ.

ఫీమా సంగతి, నార్‌క్రాస్ సంగతి మరోసారి గమనించండి. రెండూ సెలవు దినాలలోనే జరిగాయి. మన దగ్గరైతే రెండో శనివారం, ఆదివారం, సంక్రాంతి సెలవులు. శుక్రవారం సాయంత్రం తాళం వేసుకుని వెళితే సోమవారం ఉదయం వరకు బోర్డు వైపు చూసేవారు ఉండరు. దొంగకు మన సెలవుల జాబితా మనకంటే బాగా తెలుసు.

బిల్లు విషయంలో కంపెనీలు ఎక్కడైనా ఒకే మాట అంటాయి. కాల్ మీ లైను మీద నుండి వెళ్ళింది, బోర్డు మీది, కాబట్టి బిల్లు మీది. అమెరికాలో ఇటువంటి తగాదాలు కోర్టుల దాకా వెళ్ళినప్పుడు, చందాదారే చెల్లించాలని తీర్పులు వచ్చాయి. కాబట్టి ముందు జాగ్రత్తే మనకు రక్ష.

ఏమి చేయాలి?

బోర్డు అప్పగించిన రోజున చేయవలసిన పనులు వరసగా చెబుతాను.

ఒకటి. ఒక కొత్త రిజిస్టరు తెరవండి. ప్రతి ఎక్స్‌టెన్షన్ నంబరు, అది ఉన్న గది, ఎవరి బాధ్యత, ఏ తరగతి అని రాయండి. తరగతులు నాలుగు చాలు: లోపలికి మాత్రమే, ఊరి వరకు, దేశం వరకు, విదేశాలకు. ఎవరికి ఏ తరగతి అన్నది హోదాను బట్టి కాక పనిని బట్టి నిర్ణయించాలి. ప్రిన్సిపాలు గారి గదిలో విదేశీ సౌకర్యం ఉండాలన్న నియమమేమీ లేదు, విదేశాలలో ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడే హాస్టలు ఆఫీసుకు అవసరం కావచ్చు. వరండాలో, వెయిటింగ్ హాలులో, లిఫ్టు పక్కన ఉన్న ఫోన్లు లోపలికి మాత్రమే ఉండాలి.

రెండు. సంస్థకు విదేశీ కాల్స్ అవసరం లేకపోతే, బోర్డులో తాళం వేసి ఊరుకోవద్దు. టెలిఫోను కంపెనీకి ఉత్తరం రాసి వారి వైపునే ఆపించండి. జవాబు ఫైలులో పెట్టండి. బోర్డులో తాళం దొంగ తీయగలడు, కంపెనీ వైపు తాళం తీయడం అంత సులభం కాదు. నెలకు ఇంత మించితే ఆపి మాకు చెప్పండి అని పరిమితి కూడా అడగవచ్చు.

మూడు. బోర్డు పెట్టిన కంపెనీవారు ఇచ్చిన పాస్‌వర్డు ఆ రోజే మార్చండి. ఒకే రకం బోర్డులన్నింటికీ అది ఒకటే ఉంటుంది, ప్రపంచమంతా తెలిసి ఉంటుంది. కొత్తది కవరులో పెట్టి, సీలు వేసి, సేఫులో ఉంచండి. బీరువా తాళంచెవులకు మనం చేసే పద్ధతే.

నాలుగు. డీసా వంటి సౌకర్యాలు, వాయిస్ మెయిల్ నుండి బయటికి వెళ్ళే వీలు, బయటి నంబరుకు మళ్ళింపు మీకు అక్కరలేకపోతే పూర్తిగా తీసివేయించండి. సెల్‌ఫోను వచ్చాక క్యాంపులో ఉన్న ఆఫీసరుకు డీసాతో పనేముంది? మెకానిక్కు దూరం నుండి బోర్డును సరిచేసే దారి ఒకటి ఉంటుంది. పని ఉన్నప్పుడే తెరిచి, పని అయ్యాక మూయమనండి. తెరిచిన సమయం, మూసిన సమయం రాయండి. ఫీమావారికి జరిగింది ఇక్కడే.

ఐదు. బదిలీ అయినవారి, రాజీనామా చేసినవారి, రిటైరైనవారి కోడు ఆ రోజు సాయంత్రానికే రద్దు కావాలి. ఛార్జి అప్పగింత పత్రంలో తాళంచెవులు, స్టాంపులు, స్టాకు రిజిస్టరు అని రాసేటప్పుడు "టెలిఫోను కోడు రద్దు" అని ఒక వరస చేర్చండి. ఖాళీ గదుల ఎక్స్‌టెన్షన్లు కూడా ఆపించండి. మనిషి లేని ఎక్స్‌టెన్షన్ మీద ఏమి జరిగినా చెప్పేవారు ఉండరు.

ఆరు. రాత్రి తాళం. సాయంత్రం ఆరు తర్వాత, సెలవు దినాలలో బయటి కాల్స్ వాటంతట అవే ఆగిపోయేలా బోర్డుకు సమయం చెప్పి పెట్టవచ్చు.

ఏడు. బోర్డు ప్రతి కాల్‌నూ రాసుకుంటుంది. ఆ జాబితా వారానికొకసారి తీసి చూడండి. అంతా చదవనక్కరలేదు. మూడు చూడండి: ఆఫీసు వేళలు కాని వేళ చేసినవి, ఎప్పుడూ వినని దేశాలకు చేసినవి, చిన్న చిన్న కాల్స్ వరసగా చాలా ఉన్నవి. చూసిన తేదీ వేసి, పొట్టి సంతకం చేయండి. సెలవు తర్వాత మొదటి రోజున, కాఫీకి వెళ్ళే ముందే, ఆ జాబితా చూడండి.

ఎనిమిది. బిల్లు వచ్చాక జాబితాతో సరిచూడండి. జాబితాలో లేని కాల్ బిల్లులో ఉంటే బోర్డు బయట, తీగల దగ్గర ఏదో జరిగింది. రెండింటిలో ఉంటే బోర్డు లోపల జరిగింది. ఈ ఒక్క తేడా ఎంత పెద్దదో మా వాచ్‌మన్ సంగతి విన్నారు కాబట్టి మీకు చెప్పనక్కరలేదు.

తొమ్మిది. దొంగతనం జరుగుతోందని తెలిస్తే ముందు బయటి లైన్లు ఆపండి. జాబితా ప్రింటు తీసి భద్రపరచండి. కంపెనీకి ఫోను చేసి, ఆ రోజే ఉత్తరం కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. సైబరు నేరాల సహాయ నంబరు 1930, దానికి చెప్పి పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఆ తర్వాతే ఎవరు చేశారన్న ప్రశ్న. విచారణ పూర్తి కాకుండా ఎవరి దగ్గరా సంజాయిషీ పేరుతో ఒప్పుకోలు రాయించుకోకండి.

తాళం వేయకూడని చోటు

పదవది వేరుగా చెబుతాను. తాళాలు వేసే ఉత్సాహంలో వేయకూడని చోట వేయకండి. 112, 108, 100, 101 నంబర్లు ప్రతి ఎక్స్‌టెన్షన్ నుండి, రాత్రీ పగలూ, సెలవు రోజైనా పలకాలి. వరండా ఫోనుకూ, వాచ్‌మన్ ఫోనుకూ, లిఫ్టులో ఉన్నదానికీ కూడా.

2013 డిసెంబరులో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం మార్షల్ అనే ఊళ్ళో ఒక హోటలు గదిలో కేరీ హంట్ అనే ఆమె మీద హత్యాప్రయత్నం జరిగింది. తొమ్మిదేళ్ళ కూతురు పక్కనే ఉంది. ఆపద వస్తే 911కు ఫోను చేయాలని పెద్దవాళ్ళు నేర్పారు. ఆ పిల్ల నాలుగుసార్లు ప్రయత్నించింది, పలకలేదు. ఆ బోర్డులో బయటి లైనుకు ముందు మరో 9 నొక్కాలి. ఆ సంగతి పిల్లకు ఎవరూ చెప్పలేదు. తల్లి చనిపోయింది. ఆమె తండ్రి పట్టుబట్టి తిరిగి, 2018లో అమెరికాలో చట్టం వచ్చేలా చేశాడు. దాన్ని కేరీ చట్టం అంటారు. 2020 ఫిబ్రవరి నుండి అక్కడ కొత్తగా పెట్టే ఏ బోర్డు అయినా ముందు ఏ అంకె నొక్కకుండానే 911కు నేరుగా కలపాలి.

మీ నర్సింగ్ హోములో, హాస్టలులో, సత్రంలో రేపు ఒక్కొక్క ఫోను దగ్గరకు వెళ్ళి చూడండి. అత్యవసర నంబరు ముందు సున్నా లేకుండా పలుకుతుందా అని బోర్డు మెకానిక్కును అడిగి సరిచేయించండి. అది కుదిరేవరకు ప్రతి ఫోను మీద ఎలా నొక్కాలో తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. బిల్లు ఎక్కువైతే డబ్బుతో పోతుంది. ఇది అలా పోయేది కాదు.

మన ఇంటి ఫోను

ఇదంతా సంస్థల సంగతి, మాకు బోర్డు లేదు అనుకునేవారికి ఒక మాట. పైన చెప్పిన నాలుగో దారీ, ఐదో దారీ ఇప్పుడు మన జేబులోకే వచ్చాయి. "పెన్షను ఆఫీసు నుండి, మీ లైఫ్ సర్టిఫికెట్ అందలేదు" అనో, "మీ సిమ్ము ఆగిపోతుంది" అనో ఫోను చేసి, స్టార్, 401, స్టార్, తర్వాత ఒక పది అంకెల నంబరు నొక్కమన్నారు కొందరు మోసగాళ్ళు. అలా నొక్కితే మనకు వచ్చే కాల్స్ అన్నీ వారికి మళ్ళిపోతాయి, బ్యాంకువారు ఫోనులో చెప్పే ఓ.టి.పి.తో సహా. అందుకే టెలికం శాఖ 2024 ఏప్రిల్ 15 నుండి ఆ విధంగా అంకెలు నొక్కి కాల్స్ మళ్ళించే సౌకర్యాన్ని ఆపించింది. ఒక దారి మూస్తే వారు మరో దారి వెతుకుతారు. ఎవరు నొక్కమన్నా, ఎంత మర్యాదగా అడిగినా, తెలియని అంకెలు నొక్కవద్దు. ఎవరో ఒక్కసారి మోగించి పెట్టేసిన విదేశీ నంబరుకు తిరిగి ఫోను చేయవద్దు. అదీ ఆ అద్దె నంబర్ల వ్యాపారమే.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మనల్ని చూసి "గుమాస్తాలు కాగితాలు నింపుతారు" అని నవ్వినవారున్నారు. ఇప్పుడు బోర్డులలో కాగితం లేదు, తీగ కూడా లేదు. అయినా ఎవరికి ఇచ్చాం, ఎప్పుడు తీసుకున్నాం, ఎవరు చూశారు అనే మూడు ప్రశ్నలు అలాగే ఉన్నాయి. వాటికి జవాబు రాసి ఉంచే అలవాటు మనకు ముప్పై ఏళ్ళ సర్వీసు నేర్పింది. మీరు చూసుకుంటున్న సంస్థలలో కుర్రవాళ్ళకు కంప్యూటరు బాగా తెలుసు, ఈ అలవాటు మాత్రం మనమే నేర్పాలి. సందేహాలున్నవారు భోజనాల తర్వాత అడిగితే తెలిసినంత చెబుతాను.